ఇంజనుగా పూర్తి అదనపు బాధ్యతలు

పాత కారులోంచి పట్టేసిన ఇంజనుని దింపేస్తే, కొత్తది వచ్చేదాకా ఆ ఇంటి మనిషొకరు ఇంజనుగా పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించాలన్న నిబంధన ప్రకారం, కార్తీకమాసంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం అబ్బులు మాస్టారి భార్య మంగతాయారు బానెట్టు కింద చేరింది. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. ఎదురింటావిడ గుమ్మంలోంచి "ఇవాళేనా వదినా" అని అడిగి, అవుననిపించుకుని, బియ్యం చెరుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

స్థానం ఖాళీగా ఉండకూడదన్నది ప్రభుత్వంలో మొదటి సూత్రం. తహసీల్దారు సెలవు పెడితే పక్క మండలం తహసీల్దారుకి అప్పగిస్తారు. హెడ్మాస్టరు రిటైరైతే డ్రిల్లు మాస్టారికి అప్పగిస్తారు. ఇంజనైనా అంతే. నంబరున్న ప్రతి బండికీ ఇంజను స్థానం ఒకటి ఉంటుంది. స్థానమంటూ ఉన్నాక అందులో ఎవరో ఒకరు ఉండి తీరాలి. వాళ్ళకి ఆ పని వచ్చా రాదా అన్నది తహసీల్దార్ల విషయంలో ఎవరూ అడగరు కాబట్టి ఇంజన్ల విషయంలోనూ అడగరు.

అబ్బులు బళ్ళో మాస్టారు కాదు, బండిలో మాస్టారు. కాలవ గట్టున డ్రైవింగు స్కూలు నడిపేవాడు. స్కూలంటే ఇంటి పక్కనే ఒక రేకుల షెడ్డు, ఒక తెల్ల కారు, కారు నెత్తిమీద ఎర్ర అక్షరాల బోర్డు. ఊళ్ళో స్టీరింగు పట్టిన మగాళ్ళలో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. మంగతాయారు ఇంట్లో జాకెట్లు కుట్టేది, వండేది, షెడ్డు కడిగేది, ఆయన విద్యార్థులకి టీలు పంపేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి తనకీ నేర్పమని అడిగింది. "తోలేవాణ్ణి నేనుండగా నీకెందుకే తాయారూ" అన్నాడాయన, ప్రేమగానే. ఆ తరవాత ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

రోజూ పొద్దున్నే షెడ్డు కడిగేటప్పుడు కారు కింద నల్లటి నూనె మరక కనిపించేది. మొదట అణా బిళ్ళంత ఉండేది, పోనుపోను అప్పడమంత అయింది. ఆమె రెండుమూడుసార్లు చెప్పి చూసింది. పాత బండికి ఆ మాత్రం కారడం ఆరోగ్యమేనన్నాడు అబ్బులు. దసరా వెళ్ళాక, ఎరువుల కొట్టాయనకి రివర్సు నేర్పుతుండగా, ఇంజను రెండుసార్లు దగ్గి, కర్రుమని అరిచి, ఆగిపోయింది. ఇద్దరూ దిగి బండిని ఇంటిదాకా తోసుకొచ్చారు. ఎరువుల కొట్టాయన చెయ్యి కడుక్కుని, మిగతా పాఠాలు పండగ తరవాత చూసుకుందామని చెప్పి వెళ్ళిపోయాడు.

అబ్బులు ముందు హ్యాండిలు వేసి తిప్పి చూశాడు. కదల్లేదు. మెకానిక్ జిలానీని పిలిపించాడు. జిలానీ ప్లగ్గులు ఊడదీసి, ఆ కంతల్లో కిరసనాయిలు పోసి, నానబెట్టమన్నాడు. పచ్చడి మాగబెట్టినట్టు బండిని కొన్నాళ్ళు అలాగే వదిలేశారు. మళ్ళీ వచ్చి హ్యాండిలు మీద ఎక్కి నిలబడ్డా ఫలితం లేకపోయింది. జిలానీ కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు.

"లాభం లేదు మాస్టారూ. దింపెయ్యాల."

"షాపుకి లాక్కెళ్ళాలా?"

"ఎందుకండి. మీ షెడ్డుకి పైన ఇనప గడ్డరుంది కదా. ఇక్కడే దింపేద్దాం."

మంగతాయారు కిరసనాయిలు డబ్బా మూత బిగిస్తూ అడిగింది. "ఎందుకు పట్టేసింది జిలానీ?"

"నూనె లేదమ్మగారూ. నూనె లేకుండా తిరిగితే ఇనుము ఇనుమునే పట్టేసుకుంటాది. మరి వదలదు."

అబ్బులు హ్యాండిలు ఊడదీసి డిక్కీలో పెట్టాడు.

దింపడం మర్నాడు పొద్దున మొదలుపెట్టారు. బానెట్టు ఊడదీసి గోడకి ఆనించారు. బ్యాటరీ తీశారు. రేడియేటరు కింద మంగతాయారు బకెట్టు పెడితే, తుప్పు నీళ్ళు చారులాగా కారాయి. వైర్లు ఊడదీసేటప్పుడు ఏది ఎక్కడిదో తరవాత తెలియదని, కుట్టుమిషను కింది డబ్బాలోంచి జాకెట్టు ముక్కలు తెచ్చి ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డ కట్టింది. సైలెన్సరు గొట్టం నట్లు తుప్పుతో బిగుసుకున్నాయి. ఒకటి విరిగిపోయింది కూడా. అబ్బులు కారు కింద దూరి గేర్ బాక్సుకి దుంగ దన్ను పెడితే, జిలానీ దాన్నీ ఇంజన్నీ కలిపే బోల్టులు విప్పాడు. చివర్న ఇంజను కూర్చునే దిమ్మల బోల్టులు విప్పి, గడ్డరుకి గొలుసు కప్పీ వేలాడదీసి, ఇంజనుకి ఉరితాడులా గొలుసు చుట్టారు.

గొలుసు లాగుతుంటే ముందు కారే లేచింది. తరవాత ఏదో తెగినట్టయి, కారు కిందికి కూర్చుంది, ఇంజను పైకి లేచింది. మధ్యలో స్టీరింగు రాడ్డుకి తగులుకుని ఆగింది. అబ్బులు చెయ్యి లావు, సందులో పట్టలేదు. మంగతాయారు గాజులు మోచేతి దాకా తోసుకుని, చెయ్యి కిందకి పోనిచ్చి, ఆ బరువుని పసిపిల్లని పక్కకి జరిపినట్టు జరిపింది. ఇంజను విడిపించుకుని గాలిలోకి వచ్చి మెల్లగా ఊగింది. కారుని వెనక్కి తోసి, ఇంజన్ని పాత టైర్ల మీదకి దించారు.

ఆమె వంగి బండి లోపలికి చూసింది. ఇంజను ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదు. అడుగున నేల కనిపిస్తోంది. తను కడిగే నేలే, కానీ అటునుంచి ఎప్పుడూ చూడలేదు. ఒక మనిషి ముడుచుకుంటే సరిపోయేంత జాగా ఉంది. ఆమెకి ఎందుకో వంట గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది.

వాళ్ళు టీ తాగుతుండగానే మోటారు బళ్ళ ఇన్‌స్పెక్టరు పేర్రాజు గారు వచ్చారు. ఇంజను దిగిన ఇంటికి ఆయన రావడం మామూలే. చావింటికి పురోహితుడు వచ్చినట్టు ఎవరూ పిలవకుండానే వస్తారు. మంచి మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఖాళీ జాగాని టేపుతో కొలిచి, కుర్చీలో కూర్చున్నారు.

"మాస్టారూ, మీరు డ్రైవరు. డ్రైవరు ఇంజను మీద అజమాయిషీ చేసే అధికారి. అధికారి, అధీనుడు ఒకరే అవడానికి రూల్సు ఒప్పుకోవు."

అబ్బులు ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన ముఖంలో కొంచెం ఊరట కనిపించింది.

"జిలానీ బయటివాడు. ఇంక ఎవరున్నారు?"

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మాయి మౌనిక పుస్తకం పట్టుకుని వీధిలోకి వచ్చింది. పశువైద్యం డిప్లొమా చివరి సంవత్సరం, పరీక్షలకి చదువుకుంటోంది. పేర్రాజు గారు ఆమెని చూసి, టేపు మళ్ళీ ఒకసారి చూసుకున్నారు.

"పాప సన్నగా ఉంది. సరిగ్గా పడుతుంది."

"పిల్ల చదువుకుంటోందండి," అంది మంగతాయారు. గిన్నె కింద పెట్టకుండానే గుమ్మంలోంచి ముందుకొచ్చింది. "నేనుంటాను."

"మీరేం చేస్తుంటారమ్మా?"

"ఇంట్లోనేనండి."

"అంటే ఖాళీయే," అని పేర్రాజు గారు రాసుకున్నారు.

ఎన్నాళ్ళని ఆమె అడిగింది. తాత్కాలికమేనని ఆయన చెప్పారు. కొత్త ఇంజనుకి దరఖాస్తు ఇవాళే పంపుతానన్నారు. లేచి చెప్పులేసుకుంటూ, ఓదార్పుగా అన్నారు, "నన్ను చూడండమ్మా. నేనిక్కడ ఇన్‌స్పెక్టర్ని, రెండు వంతెనలకి స్తంభాన్ని కూడా. అదనంగానే. సాయంత్రాలు వెళ్ళి నిలబడతాను. అలవాటైపోతుంది."

జిలానీ లోపల గోనెసంచి పరిచి, దాని మీద పాత దిండు వేశాడు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కాళ్ళు ముడుచుకుని, గేర్ బాక్సుకి వీపు ఆనించి కూర్చుంది. జిలానీ క్లచ్చి పళ్ళేన్ని ఆమె నడుముకి బిగించాడు, బిగించేటప్పుడు "క్షమించాలమ్మగారూ" అన్నాడు. రంగు గుడ్డలు చూసుకుంటూ వైర్లన్నీ ఆమె చేతులకి కట్టేశాడు. ఎలా తిప్పాలో ఎవరూ చెప్పలేదు. రుబ్బురోలు తిప్పినట్టే ఉంటుందేమో అనుకుంది. అలాగే ఉంది. బానెట్టు మళ్ళీ బిగించి మూశారు. అబ్బులు తాళం తిప్పాడు, ఆమె మొదలుపెట్టింది, బండి కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళొచ్చి అబ్బులు దిగి, "ముందుకన్నా నయం" అన్నాడు జిలానీతో.

మొదటి రోజుల్లో అబ్బులు చాలా జాగ్రత్తగా ఉండేవాడు. గేరు మార్చినప్పుడల్లా "తాయారూ, రెండు" అనీ, "తాయారూ, మూడు" అనీ చెప్పి మార్చేవాడు. ఎత్తు వచ్చిందంటే విద్యార్థిని దింపి నడిపించేవాడు. మధ్యాహ్నం బానెట్టు ఎత్తి, రేడియేటర్లో పలచటి మజ్జిగ తనే పోసేవాడు, కరివేపాకు కూడా వేసి. కానీ అదనపు బాధ్యత అంటే ఉన్నవాటికి అదనమేగాని బదులు కాదు. ఆమె చీకటితో లేచి వంట చేసి, షెడ్డు కడిగి, కారెక్కేది. కారెక్కడమంటే ఇప్పుడు కారులోకి దిగడం. మధ్యాహ్నం వైర్లు విప్పుకుని వచ్చి అన్నం వడ్డించేది. సాయంత్రం జాకెట్లు. షెడ్డులో నూనె మరక మాత్రం లేదు. ఆ సంగతి అబ్బులు అందరికీ చెప్పేవాడు.

దింపిన ఇంజన్ని వరండాలో బల్ల మీద పెట్టారు. రిటైరైన ఇంజనుకి ఇవ్వవలసిన మర్యాదలు నిబంధనల్లోనే ఉన్నాయి. రోజూ తుడవాలి, నూనె రాయాలి, ఎండ తగలకుండా చూడాలి. అబ్బులు శ్రద్ధగా చేసేవాడు. పనిచేసినన్నాళ్ళూ పొయ్యని నూనె ఇప్పుడు దోసిళ్ళతో పోసేవాడు. పాత విద్యార్థులు వస్తే దాని పక్కనే కూర్చుని, పాపం, ఎంత సేవ చేసిందీ అనుకునేవాళ్ళు. మంగతాయారు వాళ్ళకి టీలిచ్చి, గ్లాసులు తీసుకెళుతూ, దానికేసి ఒకసారి చూసేది. కోపంగా కాదు. సీటు దొరికినవాళ్ళని బస్సులో నిలబడ్డవాళ్ళు చూసినట్టు చూసేది.

ఒక రోజు రైలు గేటు పడింది. అటూ ఇటూ బళ్ళు ఆగాయి. అబ్బులు, విద్యార్థి దిగి నీడకి వెళ్ళారు. పక్కనున్న ఆకుపచ్చ జీపు బానెట్టు కిందనుంచి ఒక గొంతు వచ్చింది.

"కొత్తా?"

గొంతు ఎటునుంచి వచ్చిందా అని మంగతాయారు తల తిప్పింది. తననేనని తెలిశాక, "అవునండి. మొన్న కార్తీకం నుంచి" అంది.

"ఎవరింటి వాళ్ళు?"

"డ్రైవింగు స్కూలు అబ్బులు గారు."

"అయ్యో, మా ఆయన ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఇవాళ ఏం కూర చేశావమ్మా?"

"బీరకాయండి. మీ ఇంట్లో ఇంజను ఎప్పుడు దింపేరు?"

జీపు కింద గొంతు నవ్వింది. "దింపడమేంటి తల్లీ. మా బండికి కొన్నప్పుడే లేదు."

వెనకున్న ఆటోలోంచి ఎవరో, బీరకాయలో పాలు పోస్తావా అని అడిగారు. అవతల వ్యానులోంచి ఇంకొకావిడ, గేటు ఇంకా ఎంతసేపో అంది, పొయ్యిమీద పప్పు పెట్టి వచ్చానంది. మంగతాయారు చీకట్లో వింటూ కూర్చుంది. ఇన్నేళ్ళుగా గేటు దగ్గర సంచీ పట్టుకుని నిలబడినప్పుడల్లా ఈ గొణుగుడు విని, ఇంజన్లు ఆన్ చేసి ఉంచారనుకునేది. రైలు వెళ్ళిపోయింది. "ఉంటానమ్మా" అన్నారు ఒకరి తరవాత ఒకరు. అన్ని బళ్ళూ ఒక్కసారి కదిలాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి చెబితే, అబ్బులు పెరుగు కలుపుకుంటూ, "తెలుసు" అన్నాడు. ముద్ద మింగి, "అందరివీ అంతే తాయారూ" అన్నాడు.

కొత్త ఇంజను విషయం మాత్రం ఆయన మర్చిపోలేదు. నెలనెలా ఆఫీసుకి వెళ్ళేవాడు. ఉగాది ముందు పేర్రాజు గారే స్వయంగా వచ్చి, బండెక్కి ఊరు చుట్టొచ్చారు. దిగి, చాలా సంతోషించారు. తరవాత ఆఫీసు నిర్ణయం తెలిసింది. ఇన్‌ఛార్జి గారి పనితీరు సంతృప్తికరంగా ఉన్నందువల్ల ఆ బండికి ఇంజను అవసరం లేదని రుజువైంది. అవసరం లేని స్థానాన్ని రద్దు చేశారు. అదనపు బాధ్యతలు మాత్రం కొనసాగుతాయి.

"స్థానమే లేదన్నాక బాధ్యతలెలా ఉంటాయండి?" అని మంగతాయారు అడిగింది.

"మంచి ప్రశ్నమ్మా," అన్నారు పేర్రాజు గారు. ఆయన కాళ్ళు మోకాళ్ళ దాకా సిమెంటు రంగుకి తిరిగి ఉన్నాయి. "నేనూ అడిగాను."

మౌనిక పరీక్ష పాసైంది. పాల డెయిరీలో ఉద్యోగం వచ్చింది. ఊరూరూ తిరిగి గేదెలకి సూదులెయ్యాలి. మందుల పెట్టె, ఐసు పెట్టె వెంట ఉండాలి కాబట్టి సొంత కారు ఉండాలి, తనే తోలాలి. ఉత్తరం వచ్చిన రోజు తల్లి మిఠాయి చేసింది. కూతురు తినలేదు.

"నేను చెయ్యనమ్మా ఈ ఉద్యోగం."

"ఎందుకు చెయ్యవు?"

"నువ్వు అందులో ఉండగా నేను తోలాలా?"

"మీ నాన్న తోలట్లేదా?"

"ఆయన తోలుతున్నాడని నేనూ తోలాలా?"

మంగతాయారు మిఠాయి పళ్ళెం పక్కకి జరిపింది. "నువ్వు తోలకపోతే నేను బయటికి రాను కదే. ఇంకెవడో తోలతాడు. నువ్వు మానేస్తే ఆ ఉద్యోగమూ పోతుంది, నేనూ లోపలే ఉంటాను. దానివల్ల ఎవరికి మేలు?"

మౌనిక పళ్ళెంలోంచి ఒక మిఠాయి తీసి కొరికింది. మర్నాడు ఆదివారం. మౌనికని హైస్కూలు వెనక మైదానానికి తీసుకెళ్ళాడు అబ్బులు. ఆయన కూతురి పక్క సీటులో కూర్చున్నాడు. క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు చూపించాడు. మౌనిక తాళం తిప్పింది. కాలు యాక్సిలరేటరు మీద పెట్టి, తీసేసింది. మళ్ళీ పెట్టి, దూదిమీద పెట్టినట్టు ఆనించింది. బండి ఒక ఊపు ఊగి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. అబ్బులు ఇంకెవరినైనా అయితే ఈపాటికి తిట్టేవాడు. ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

బానెట్టు కిందనుంచి తల్లి గొంతు వచ్చింది. "నొక్కవే."

"నీకు నొప్పెడుతుంది కదమ్మా."

"పెడుతుంది. నొక్కు."

మౌనిక స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. తల్లి ఆగింది. తొందరపెట్టలేదు. ఏడుపు తగ్గాక మెల్లగా చెప్పింది. "భయపడి సగం నొక్కితే నాకు ఇంకా కష్టమే. బండి ఆగిపోతుంది, మళ్ళీ మొదట్నించీ లాగాలి. ఒకేసారి, సమంగా నొక్కు. నేను చూసుకుంటాను."

మౌనిక కళ్ళు తుడుచుకుని నొక్కింది. కూతురి పాదం బరువు తీగ వెంట వచ్చి మంగతాయారు రెండు భుజాల మధ్య దిగింది. అబ్బులు పాదం వేరు, విద్యార్థుల పాదాలు వేరు. ఇది ఆమెకి కడుపులో ఉన్నప్పటినుంచి తెలిసిన పాదం. ఆమె పళ్ళు బిగపట్టి తిప్పింది. బండి మైదానం అంతా చుట్టింది.

లైసెన్సు పరీక్షలో మౌనిక మొదటిసారికే నెగ్గింది. అబ్బులు తన పాఠాలు ఆదివారాలకి మార్చుకుని బండి ఆమెకిచ్చాడు. ఆ ఊరి ఆడపిల్లల్లో కారు తోలుకుంటూ ఉద్యోగానికి వెళ్ళినది తనే మొదటిదని వీధిలో చెప్పుకున్నారు. పల్లెల్లో ఆడవాళ్ళు పనులాపి చూసేవాళ్ళు. "చూడవే, ఎంత బాగా తోలుతుందో" అని కూతుళ్ళకి చూపించేవాళ్ళు. మౌనిక మొదట్లో ప్రతి ఊరి పొలిమేరలోనూ ఆగి, బానెట్టు ఎత్తి, "ఎలా ఉన్నావమ్మా" అని అడిగేది. తరవాత్తరవాత ఊళ్ళు పెరిగాయి, గేదెలు పెరిగాయి. మధ్యాహ్నం ఒకసారి అడిగేది. తరవాత సాయంత్రం, ఇంటికొచ్చాక అడిగేది. ఉద్యోగంలో పేరొచ్చింది. నవ్వడం ఎక్కువైంది. తల్లి దాన్ని లోపలినుంచే వినేది.

శ్రావణంలో ఒకనాడు, దూరపు ఊళ్ళో ఈనలేక గేదె కష్టపడుతోందని కబురొస్తే తల్లీకూతుళ్ళిద్దరూ బయల్దేరారు. మధ్యలో ఏటి మీద కొత్త వంతెన, నిట్టనిలువు ఎక్కుడు. మౌనిక ఫోనులో స్నేహితురాలితో మాట్లాడుతోంది. వేసవిలో కేరళ కొండల్లో మున్నారు ఊరు చూసి రావాలని, కారులోనే వెళ్ళాలని, ఆ ఘాట్ రోడ్డు తనే తోలుతుందని చెబుతోంది. మాటల్లో ఉండగానే ఎక్కుడు వచ్చింది. మాట ఆపకుండానే గేరు మార్చి, కాలు అడుగుదాకా నొక్కింది. ఒకేసారి, సమంగా నొక్కింది.

లోపల మంగతాయారుకి ఊపిరి అందలేదు. కళ్ళముందు చుక్కలు తిరిగాయి. ఒక్క క్షణం, ఇక్కడ ఆగిపోతే ఏమవుతుందా అనుకుంది. పైన కూతురు దేనికో పకపకా నవ్వింది.

పిల్లకి కాలు కుదిరింది, అనుకుంది మంగతాయారు, తృప్తిగా. మోకాళ్ళు ఇంకాస్త దగ్గరికి ముడుచుకుని, బండిని పైకి లాగింది.